గుంటూరులో దుతార్ పాఠాలు

కొరిటెపాడులో ఇమ్మానియేలు రికార్డింగ్ గది తెలియని చర్చి గుంటూరు చుట్టుపక్కల లేదు. మేడమీద ఒక్కటే గది. గోడలకి పాత పరుపులు కొట్టించి దానికి స్టూడియో అని పేరు పెట్టాడు. క్రిస్మస్ ముందు పాటలు చేయించుకునేవాళ్ళతో ఆ మెట్ల మీద చెప్పులు విడవడానికి చోటుండదు. పండగ వెళ్ళిపోయాక మళ్ళీ పండగ దాకా ఆయన సినిమా అవకాశం కోసం ఎదురు చూసేవాడు. యాభై దాటినా ఆ ఎదురుచూపు మానలేదు. భార్య లిడియా ఊరి శివారు వ్యవసాయ కళాశాలలో ఇంగ్లీషు లెక్చరరు. "మన పెళ్ళికి ముందు నించీ ఉన్నదే కదా, ఇప్పుడెక్కడికి పంపిస్తాం" అనేది ఆ ఆశ గురించి, ఇంట్లో ఉండిపోయిన ముసలి మేనత్త గురించి చెప్పినట్టు.

ఆ అవకాశం జనవరిలో ఒక ఆదివారం, ఆరాధన ముగించుకుని వచ్చి ఆయన చొక్కా విప్పుతుండగా ఫోనులో వచ్చింది. చేసినవాడు సాయిరాం అనే కొత్త దర్శకుడు. నరసరావుపేట కుర్రాడే, హైదరాబాదులో ఉంటున్నాడు.

"కథేంటంటే సార్, గుంటూరు మిర్చి ఎక్స్‌పోర్టర్ కొడుకు, హెరాత్‌లో కుంకుమపువ్వు పండించేవాళ్ళ అమ్మాయి. ఇక్కడ ఎరుపు, అక్కడ ఎరుపు. అర్థమైందిగా? మ్యూజిక్ మొత్తం ఆఫ్ఘన్, పర్షియన్ స్టయిల్లో ఉండాలి. మీ ఈస్టర్ పాట ఒకటి విన్నాను, అందులో ఎడారి ఫీల్ భలే ఉంది. ఈ స్టయిల్ మీకు వచ్చు కదా?"

"వచ్చండి" అన్నాడు ఇమ్మానియేలు, ఒక చెయ్యి ఇంకా చొక్కాలోనే ఉండగా.

ఫోను పెట్టేశాక లిడియా వంటింట్లోంచి తొంగి చూసింది.

"ఏం వచ్చండీ మీకు?"

"ఆఫ్ఘన్ సంగీతం."

"ఎప్పుడు నేర్చుకున్నారు? నేను ఇన్విజిలేషన్‌కి వెళ్ళినప్పుడా?"

"సంగీతం ఎక్కడైనా సంగీతమే లిడియా. ఉన్నవి ఏడు స్వరాలు."

"అట్లాగైతే అక్షరాలు యాభయ్యారే కదా, మీరు నాలుగు నవలలు కూడా రాసెయ్యండి" అని ఆమె మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇమ్మానియేలు ఆ వారమంతా యూట్యూబులో కూర్చున్నాడు. దొరికిందల్లా విన్నాడు. అరేబియాది, టర్కీది, ఎవరో జర్మనీలో చేసిన ధ్యానం సంగీతం కూడా ఆఫ్ఘనిస్తాన్ ఖాతాలో కలిపి విన్నాడు. కీబోర్డులోకి కొత్త శబ్దాలు ఎక్కించుకుని, ఒక ఫ్లూటు, దాని వెనక డప్పు, ఆ వెనక గాలి హోరు పెట్టి మొదటి బాణీ కట్టాడు. పూర్తయ్యాక సాయిరాంకి పంపేసి, లిడియాని పైకి పిలిచి వినిపించాడు.

ఆమె కళ్ళు మూసుకుని శ్రద్ధగా వింది. "బాగుందండీ. పాములవాడు ఒంటెక్కి వెళ్తున్నట్టుంది."

ఇమ్మానియేలు మొహం చిన్నదైంది. అది చూసి ఆమెకి జాలేసింది. "మా కాలేజీలో మెహర్ అని ఒకమ్మాయి ఉంది. హెరాత్ పిల్లే. ఆదివారం భోజనానికి పిలుస్తాను. ఆ అమ్మాయి బాగుందంటే నేనింక నోరెత్తను."

మెహర్ పత్తి మీద పరిశోధన చేస్తోంది. గులాబీ రంగు పురుగుని ఎలా ఆపాలన్నది ఆమె చదువు. దానికోసం నెలలో సగం రోజులు పర్చూరు దగ్గర చేలల్లో గడుపుతుంది. తెలుగు నేర్చుకున్నది కూడా అక్కడే, పత్తి తీసే ఆడవాళ్ళ దగ్గర. అందుకని ఆమె తెలుగులో గ్రాంథికం లేదు, మొహమాటమూ లేదు. కోడికూరలో మూడోసారి కారం అడిగి వేయించుకుని తిన్నాక, మేడమీదికి వెళ్ళి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇమ్మానియేలు బాణీ చివరి దాకా వింది.

"మాస్టారూ, చెప్తే ఏమీ అనుకోమాకండి."

"చెప్పమ్మా."

"సెంటు సీసా అడ్వర్టైజ్‌మెంట్ మాదిరుంది. దుబాయ్‌లో విమానం దిగంగానే వినపడిద్దే, అట్టా."

లిడియా కిటికీ వైపు తిరిగి బయట ఎవరినో చూస్తున్నట్టు నిలబడింది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

ఇమ్మానియేలు పరువు కాపాడుకోవడానికి, సాయిరాం పంపిన సీను ఒకటి కంప్యూటర్‌లో పెట్టాడు. తెల్లటి రాతి గుంతల మధ్య ఎర్ర ఓణీ ఎగరేసుకుంటూ కథానాయిక పరిగెడుతోంది. "ఈ బొమ్మ మీద చూస్తే బాగుంటుందమ్మా. ఇది మీ హెరాతే."

మెహర్ తెర దగ్గరికి వంగింది. "మా హెరాత్‌లో ఇట్టాంటి గుంతలు ఎక్కడున్నాయండీ?"

ఇమ్మానియేలు కాస్త తటపటాయించాడు. "అంటే... తీసింది దాచేపల్లిలో. సున్నపురాయి క్వారీలో."

మెహర్ నవ్వడం మొదలుపెట్టింది. కుర్చీలోంచి జారి నేలమీద కూర్చుని మరీ నవ్వింది. "మా ఊరి పిల్ల దాచేపల్లి దాకా పరిగెత్తుకొచ్చిందా! సిమెంటు కోసమా?" అంది. లిడియా కూడా ఇంక ఆపుకోలేకపోయింది. ఇమ్మానియేలు కూడా చివరికి నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

నవ్వులు సద్దుమణిగాక మెహర్ చున్నీ అంచుతో కళ్ళు తుడుచుకుని, "మా నాన్న దుతార్ వాయించేవాడు" అంది.

దుతార్ అంటే రెండు తీగలని అర్థమట. పొడుగు మెడ, చిన్న బుర్ర ఉన్న వాద్యం. మెహర్ వాళ్ళ నాన్న ఉస్మాన్ హెరాత్‌లో దర్జీ. పగలంతా మిషను తొక్కి, సాయంత్రం పెళ్ళిళ్ళలో వాయించేవాడు. పాలన మారి అక్కడ పాటలూ వాద్యాలూ కుదరవన్న రోజులు వచ్చినప్పుడు, దుతార్‌ని గుడ్డలో చుట్టి అన్నగారి చేతికిచ్చి, భార్యని తీసుకుని సరిహద్దు దాటి ఇరాన్‌లోని మష్హద్ వెళ్ళిపోయాడు. మెహర్ అప్పటికే చదువుకోసం గుంటూరులో ఉంది. మష్హద్‌లో మళ్ళీ దర్జీ పనే. దుతార్ మాత్రం ఇంక ముట్టుకోనన్నాడు. వేరేది కొనుక్కోమని కూతురు ఎన్నిసార్లు చెప్పినా మాట మార్చేవాడు.

"దుతార్ గురించి అడిగితే, ఇవ్వాళ మీ హాస్టల్లో ఏం కూర అంటాడు" అంది మెహర్. "మీరు అడగండి మాస్టారూ. నేర్చుకుంటానంటే కాదనడు. వచ్చినోళ్ళని పొమ్మనడం మా వాళ్ళకి చేతకాదు."

ఆ సాయంత్రమే ఫోనులో ఉస్మాన్ కనిపించాడు. పొట్టి నెరిసిన గడ్డం, మెడలో వేలాడుతున్న కొలతల టేపు. మెహర్ ఇద్దరినీ ఒకరికొకరు పరిచయం చేసింది. ఇమ్మానియేలు చేతులు జోడించి వందనాలు చెప్పి, తన బాణీ వినిపించాడు. ఉస్మాన్ తల వంచి విన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడాడు, చేతులు తిప్పుతూ, మధ్యలో ఒకసారి పైకి చూస్తూ.

"బాగుందంటున్నారు" అంది మెహర్.

"అంత పొడుగు మాటకి ఇంతే అర్థమా?" అంది లిడియా.

"మిగతాది మర్యాదగా ఉండదక్కా."

"ఫరవాలేదు చెప్పమ్మా" అన్నాడు ఇమ్మానియేలు.

మెహర్ గొంతు సవరించుకుంది. "ఆ ఫ్లూటు వాయించేవాడికి ఏదన్నా కష్టం వచ్చిందా అని అడుగుతున్నారు. వచ్చుంటే ముందు దాని సంగతి చూడమంటున్నారు."

అలా మొదలయ్యాయి పాఠాలు. ఉస్మాన్ చేతిలో వాద్యం లేదు కాబట్టి నోటితోనే వాయించేవాడు. "ద్రింగ్-త-ద్రింగ్, ద్రింగ్-త-ద్రింగ్" అని పెదవులతో, నాలుకతో దుతార్ మొత్తం పలికించేవాడు. కుడిచెయ్యి మాత్రం తనకి తెలియకుండానే పొట్ట దగ్గర ఆడుతూ ఉండేది. ఇమ్మానియేలు కీబోర్డు మీద వెతుక్కునేవాడు. ఒకచోట మాత్రం ఎంతకీ దొరికేది కాదు. ఉస్మాన్ పాడే గాంధారం తెల్లమెట్టులో లేదు, నల్లమెట్టులో లేదు. రెండింటికీ మధ్య ఎక్కడో సందులో ఉంది.

రెండు వారాలు ఆ సందు దగ్గర కొట్టుకుని, చివరికి ఇమ్మానియేలు అటక మీంచి తన పాత మాండలిన్ దింపాడు. పెళ్ళినాటి వాద్యం అది. ఎనిమిది తీగల్లో ఆరు పీకేసి రెండుంచాడు. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లలో ఒకదాన్ని ఊడబెరికి, అది ఉన్న చోటికి కాస్త ఎడంగా లావాటి నైలాన్ దారం బిగించి కట్టాడు. ముందుకీ వెనక్కీ జరుపుతూ ఉంటే ఉస్మాన్ ఫోనులోంచి "ఇంకా, ఇంకా, ఇంకా... ఆఁ!" అన్నాడు. ఆ మాటని మెహర్ తెలుగు చెయ్యనక్కర్లేకపోయింది.

ఆ దారం టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు కుట్టే దారం. కింద అద్దెకుండే మిర్చి యార్డు గుమాస్తా దగ్గర అడిగి తెచ్చాడు. తీగ మీటినప్పుడల్లా దాంట్లోంచి కారం లేచేది. ద్రింగ్-త-ద్రింగ్ అని మొదలుపెట్టేవాడు, అచ్చ్ అని ముగించేవాడు.

"ఆ చివరి దెబ్బ మీ సంప్రదాయమా అని అడుగుతున్నారు నాన్న" అంది మెహర్.

"కాదని చెప్పు."

"తాళానికి సరిపోతోందట. ఉంచుకోమంటున్నారు."

ఫిబ్రవరి వచ్చేసరికి ఊరంతా మిరపకాయలే అయింది. లారీలు యార్డు ముందు బారులు తీరాయి. గాలి పొద్దున్నే ఘాటెక్కుతోంది. సరిగ్గా అప్పుడే ఇమ్మానియేలుకి ఆడవాళ్ళ బృందగానం ఒకటి పెట్టాలని బుద్ధి పుట్టింది. సినిమాలో కథానాయిక పుట్టింట్లో ఆడవాళ్ళంతా గుండ్రంగా కూర్చుని పాడే సీను అది. పాడటానికి తన చర్చి క్వయర్ ఉంది. పాట పల్లవి మెహర్ తన భాషలోనే రాసిచ్చింది. "బహార్ ఆమద్, తూ కై మియాయీ?"

క్వయర్ పెద్ద రెబ్కమ్మ గారికి డెబ్బై ఏళ్ళు. గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. ఆవిడ ఆ కాగితం చూసి పాస్టర్ సాల్మన్ అయ్యగారి దగ్గరికి తీసుకెళ్ళింది. "అర్థం తెలియకుండా నోట్లో ఎట్టా పెట్టుకునేది అయ్యగారూ?"

అయ్యగారు మెహర్‌ని పిలిపించారు. "ఏమిటమ్మా దీని భావం?"

"వసంతం వచ్చింది, నువ్వెప్పుడు వస్తావు అని, అండి."

అయ్యగారు ఆలోచించారు. "ఎవరిని అడుగుతున్నారు?"

"ఎవరికి ఎవరు రావాల్సి ఉందో వాళ్ళనండి."

ఆయన ఇంకాసేపు ఆలోచించి, "అయితే మనకి ఇబ్బంది లేదు" అన్నారు.

రికార్డింగు చర్చిలోనే పెట్టుకున్నారు, మధ్యాహ్నం పూట తలుపులన్నీ మూసి. మూసినా గాలి ఆగలేదు. పల్లవి సగంలో ఒకరు దగ్గేవారు, వాళ్ళని చూసి పక్కవారు. దగ్గు తగ్గితే రెబ్కమ్మ గారి ఉచ్చారణ అడ్డం పడేది. 'మియాయీ' ఆవిడ నోట్లో 'మిఠాయీ' అయ్యేది. మెహర్ ఎన్నిసార్లు సరిదిద్దినా, ఆవిడ బుద్ధిగా తలూపి, మళ్ళీ గొంతెత్తి మిఠాయి దగ్గరికే వెళ్ళేది. పెద్దగొంతు అటు వెళ్ళేసరికి మిగతావాళ్ళూ మెల్లగా అటే వెళ్ళారు.

ఆ రికార్డింగు మెహర్ అలాగే నాన్నకి పంపింది. కాసేపటికి ఆయనే ఫోను చేశాడు. హిందీ సినిమాలు చూసి పెరిగినవాడు కాబట్టి మిఠాయి అంటే ఏమిటో ఆయనకి తెలుసు.

"'వసంతం వచ్చింది, నువ్వెప్పటి మిఠాయివి?' అంటున్నారా మీ అమ్మలంతా?" అని అడిగి, మాట పూర్తికాకుండానే నవ్వులో పడ్డాడు. నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వాడు. ఏమైందోనని మెహర్ వాళ్ళమ్మ వంటింట్లోంచి పిండిచేతులతో పరిగెత్తుకొచ్చింది. ఆయన తేరుకుని, "పాపం అందరికీ క్షయ ఉన్నట్టుంది. మందులు దొరుకుతున్నాయా అక్కడ?" అన్నాడు.

"క్షయ కాదు నాన్నా, గుంటూరు" అంది మెహర్.

ఇంత సరదాగా సాగుతున్న పాఠాలు మార్చిలో ఒకచోట ఆగిపోయాయి. ఇమ్మానియేలు చేతికి గమకం అలవాటు. చిన్నప్పటి నించీ కీర్తనలు వాయించిన చెయ్యి. ఏ స్వరం ముట్టుకున్నా దాన్ని కాస్త ఊపకుండా వదలదు. ఉస్మాన్ నేర్పుతున్న బాణీలో ఒకచోట స్వరం కదలకుండా నిలబడాలి, ఎండలో గోడలాగ. అక్కడికి వచ్చేసరికి ఇమ్మానియేలు వేలు వణికేది.

"జ్వరమా అని అడుగుతున్నారు" అంది మెహర్ మొదటిసారి.

రెండోసారి, "చలిగా ఉందా అని అడుగుతున్నారు."

తర్వాత్తర్వాత ఉస్మాన్ హాస్యమాడటం మానేశాడు. నోటితో పాడి చూపించేవాడు. ఇమ్మానియేలు తిరిగి వాయించేవాడు. ఉస్మాన్ కళ్ళు మూసుకుని నొసలు రుద్దుకునేవాడు. ఒకరోజు పాఠం మధ్యలో ఏదో గొణిగి ఫోను పెట్టేశాడు.

"ఏమన్నారు?" అన్నాడు ఇమ్మానియేలు.

"ఏమీ అన్లేదండి. కుట్టుపని ఉందంట" అంది మెహర్. ఆమె మొహం చూస్తే అంతకంటే ఎక్కువే అన్నాడని తెలుస్తూనే ఉంది.

మర్నాడు ఫోను రాలేదు. ఆ తర్వాతా రాలేదు. మెహర్ చేస్తే వాళ్ళమ్మ తీసి, "మీ నాన్న బయటికెళ్ళాడు" అనేది. ఇమ్మానియేలుకి అన్నం సహించలేదు. పెద్దమనిషిని పాపం ఎంత విసిగించానో అనుకుంటూ, మాండలిన్ ముందేసుకుని ఆ ఒక్క స్వరం దగ్గరే వేలు పెట్టి కూర్చునేవాడు. లిడియా ఆ వారం ఒక్క మాట కూడా ఎగతాళి చెయ్యలేదు. దాంతో ఆయన ఇంకా బెంబేలెత్తిపోయాడు.

శుక్రవారం సాయంత్రం మెహర్ చేలో పురుగుల్ని పట్టే బుట్టలు పెట్టి, బూట్లకి మట్టితోనే వచ్చింది. "నాన్న ఏదో పంపాడు. నేనింకా వినలేదు. మీ దగ్గర విందామని వచ్చా."

ఫోను బల్లమీద పెట్టి నొక్కింది. ముందు ఎవరో జనం. తర్వాత పిండి ముద్దని చరిచిన చప్పుడు, ఇనుప తలుపేదో తీసి వేసిన చప్పుడు, ఎవరో ముసలాయన రొట్టెల కోసం కేకేయడం. వాటి మధ్యలోంచి రెండు తీగలు మోగాయి. మొదట తడుముకున్నాయి. ఒకసారి ఆగాయి. మళ్ళీ మొదటి నించి వచ్చాయి, ఈసారి ఆగకుండా. ఇమ్మానియేలు వేలు వణికే చోట ఆ స్వరం వచ్చి నిలబడింది. కదల్లేదు.

మెహర్ నిలబడే వింది. బల్ల అంచు పట్టుకుని, తల దించుకుని. వాయిద్యం అయిపోయాక ఉస్మాన్ గొంతు గబగబా ఏదో అంది. ఆమె ఒక్కో మాటే తెలుగు చేసింది.

"ఉస్తాద్‌కి చెప్పు, ఇదిగో ఇట్టా. నోటితో చెప్తే ఎక్కట్లా. పక్కన నస్రత్ రొట్టెల కొట్లో గోడకి దుతార్ ఒకటి ఏళ్ళ తరబడి ఊరికే వేలాడతా ఉంది. దాన్ని చూసి రోజూ మొహం తిప్పుకుని పోయేవాణ్ణి. ఆయన వాయించేది వింటావుంటే ఇంక తట్టుకోలేకపోయా. వారమంతా కూర్చుని వేళ్ళు సరిచేసుకున్నా." మెహర్ ఇమ్మానియేలు వైపు తిరిగింది. "వేళ్ళు బొబ్బలెక్కాయంట. ఆ పాపం కూడా మీదేనంట."

లిడియా వెళ్ళి మెహర్ భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత భర్త వైపు చూసి, "ఏమండీ, ఒకరు తప్పు వాయిస్తే ఇంత మంచి జరగడం నేనెప్పుడూ చూళ్ళేదు" అంది. ఇమ్మానియేలుకి కోపం రాలేదు. మళ్ళీ పెట్టమ్మా అన్నాడు మెహర్‌తో. ముగ్గురూ ఇంకోసారి విన్నారు.

ఏప్రిల్‌లో సాయిరాం సంగీతం వినడానికి గుంటూరు వచ్చాడు. పరుపుల గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మెహర్ కూడా వచ్చింది. మాండలిన్ బాణీ విన్నాడు, క్వయర్ పాట విన్నాడు. అన్నిటికీ తల ఊపాడు గానీ మొహంలో వెలుగు రాలేదు.

"బాగున్నాయి సార్. కానీ ఆఫ్ఘన్‌లా లేవు."

"నేను ఆఫ్ఘన్‌నేనండీ. నాకట్టానే ఉన్నాయి" అంది మెహర్.

"మీరు వేరు మేడమ్. నేను ఆడియన్స్ గురించి చెప్తున్నా. వినగానే ఎడారి కనపడాలి. మొదట పంపారే ఫ్లూటు, అది వినగానే అనుకున్నా, ఇదే అని."

"హెరాత్‌లో తోటలు, ఏరు ఉంటాయండీ."

"ఉంటాయి మేడమ్, ఉంటాయి. కానీ మనం తీసింది క్వారీలో కదా."

ఇమ్మానియేలు వాదించలేదు. కంప్యూటర్ వైపు తిరిగి సినిమా చివరి సీను పెట్టాడు. మిర్చి ఎక్స్‌పోర్టర్ కొడుకు ఒంటరిగా గోడౌన్ తలుపు దగ్గర కూర్చుని ఉంటాడు. మాటలు లేవు. దాని మీద ఉస్మాన్ పంపిన దుతార్‌ని, రొట్టెల కొట్టు చప్పుళ్ళతో సహా, ఎక్కడా కోయకుండా వేశాడు.

సాయిరాం మొదట ఫోను చూసుకుంటున్నాడు. తీగలు తడుముకుని ఆగినచోట తల ఎత్తాడు. సీను అయిపోయాక, "ఇంకోసారి వెయ్యండి సార్" అన్నాడు. రెండోసారి అయ్యాక గొంతు తగ్గించి, "ఆ వెనక చప్పుళ్ళు ఏ లైబ్రరీలోవి? చాలా నేచురల్‌గా ఉన్నాయి" అన్నాడు.

"లైబ్రరీ కాదండీ. నస్రత్ అనే ఆయన కొట్టు, మష్హద్‌లో" అన్నాడు ఇమ్మానియేలు, ఆ సంగతంతా చెప్పాడు.

సాయిరాం చాలాసేపు మెహర్ వైపు చూడలేకపోయాడు. ఎంతైనా నరసరావుపేట కుర్రాడు, తేరుకోగానే బేరం మొదలుపెట్టాడు. సినిమా అంతా మీ సంగీతమే ఉంచుతాను, ట్రైలర్‌కి మాత్రం ఆ ఫ్లూటు ఇవ్వండి అన్నాడు. ఇమ్మానియేలు లిడియా వైపు చూశాడు. "ఇచ్చెయ్యండి. పాపం ఒంటె ఎక్కడికని పోతుంది" అంది ఆమె.

ఉస్మాన్‌ని అనుమతి అడిగితే వాడుకోమన్నాడు. పేరు మాత్రం వద్దన్నాడు. అన్నగారు ఇంకా హెరాత్‌లోనే ఉన్నాడు. ఎక్కడో తెర మీద తన పేరు కనపడి, అది ఎవరి కంటైనా పడి, ఆ ముసలాయనకి ఇబ్బంది రాకూడదు.

ఇమ్మానియేలుకి ఇది మింగుడుపడలేదు. వాయించినవాడి పేరు లేకుండా తన పేరు ఎలా వేయించుకోవాలి? ఊరికే ఖాళీ వదలడానికి మనసొప్పలేదు. దొంగపేరు పెట్టడానికీ ఒప్పలేదు. చివరికి లిడియాయే అంది, "మనిషి పేరు చెప్పకుండా ఎవరో చెప్పడం మనకి రోజూ అలవాటే కదండీ. మిమ్మల్ని మీ అత్తగారు పేరుపెట్టి ఎప్పుడైనా పిలిచిందా? లిడియా వాళ్ళాయన అనేకదా."

ఆ మాట విని మెహర్ తన తండ్రికి ఫోను చేసి, తెర మీద అలాగే వేయించమంటావా అని అడిగింది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "నేను అదే కదా. దీనికి అనుమతి ఎందుకు?" అన్నాడు.

ఆగస్టులో సినిమా విడుదలైంది. గుంటూరులో ఒకే హాలు దొరికింది, అదీ మధ్యాహ్నం ఆట. క్వయర్ ఆడవాళ్ళంతా ఆదివారం చీరలు కట్టుకుని రెండు ఆటోల్లో దిగారు. మెహర్ పర్చూరు నించి పత్తి తీసే ఆడవాళ్ళు నలుగురిని వెంటబెట్టుకొచ్చింది. దాచేపల్లి క్వారీ తెర మీదికి వచ్చినప్పుడు వాళ్ళలో ఒకావిడ, "ఏమ్మే, మీ ఊరు శానా ఎండగా ఉందే" అంది గట్టిగా. మెహర్ కాదనలేదు.

కథ గురించి జనం పెద్దగా ఏమీ అనలేదు. చివరి సీనులో మాత్రం వెనక వరసలో పాప్‌కార్న్ నమిలే చప్పుడు కూడా ఆగింది. సీను అయిపోయి పేర్లు మొదలవగానే అలవాటు ప్రకారం అందరూ లేచారు. రెబ్కమ్మ గారు దారికి అడ్డంగా నిలబడింది. "ఏందయ్యా ఆ తొందర? కూకోండి, మా పేర్లు వస్తన్నాయి!" ఆ గొంతుకి సగం హాలు మళ్ళీ కూలబడింది.

క్వయర్ పేర్లు వెళ్ళాయి. ఆ తర్వాత తెర మీద తెల్లటి అక్షరాల్లో ఒక వరస వచ్చింది. 'దుతార్: మెహర్ వాళ్ళ నాన్న.' మెహర్ ఫోను పైకెత్తి పట్టుకుంది గానీ బటన్ నొక్కడం మర్చిపోయి తెర వైపే చూస్తోంది. పక్క సీట్లోంచి లిడియా ఆ ఫోను మెల్లగా తీసుకుని తనే వీడియో తీసింది. పర్చూరు ఆవిడ అక్షరాలు కూడబలుక్కుని చదివి, "మీ నాయనేనంటమ్మే!" అని చప్పట్లు కొట్టింది.

సినిమా రెండో వారం ఆడలేదు. ఒక పత్రికలో మాత్రం సంగీతాన్ని మెచ్చుకుంటూ, అరేబియా ఎడారుల పరిమళం గుప్పుమందని రాశారు. అది చదివి మెహర్ ఇమ్మానియేలుకి సెంటు సీసా ఒకటి కొనిపెట్టింది.

మష్హద్‌లో నస్రత్ దుతార్‌ని మళ్ళీ గోడకి తగిలించనివ్వలేదు. శుక్రవారాలు రొట్టెల కోసం నిలబడ్డవాళ్ళకి విసుగు పుట్టకుండా వాయిస్తే అది నీ దగ్గరే ఉంచుకో అని ఉస్మాన్‌కి చెప్పాడట. ఇప్పుడది దర్జీ కొట్లో మిషను పక్కన నిలబడి ఉంటుంది.

సెప్టెంబరులో ఒక సాయంత్రం ఇమ్మానియేలు క్రిస్మస్ పాటల పని మొదలుపెడుతుంటే ఫోను మోగింది. ఈసారి మధ్యలో మెహర్ లేదు, చేలో ఉంది. తెర మీద ఉస్మాన్ ఒళ్ళో దుతార్‌తో కూర్చుని ఉన్నాడు. ఒకరి భాష ఒకరికి రాదు కాబట్టి ఇద్దరూ కాసేపు ఊరికే నవ్వుకున్నారు. ఉస్మాన్ రెండు వేళ్ళు చూపించాడు, రెండో బాణీ అన్నట్టు. ఇమ్మానియేలు కీబోర్డు మీద గుడ్డ కప్పి, లేచి వెళ్ళి మాండలిన్ తెచ్చుకున్నాడు. తీగ బిగిస్తున్నంతసేపూ ఉస్మాన్ ఓపిగ్గా ఎదురుచూశాడు. శ్రుతి కుదిరాక తల ఊపి, తను ముందు మొదలుపెట్టాడు.